ఎం.ఆర్.ఐ. స్కాన్: రోగులు తెలుసుకోవలసిన విషయాలు

ఎం.ఆర్.ఐ. స్కాన్ అనగా శక్తిమంతమైన అయస్కాంతాన్ని, రేడియో తరంగాలను ఉపయోగించి శరీరం లోపలి భాగాలను చిత్రాలుగా చూపే వైద్య పరీక్ష. తెలుగులో దీనిని అయస్కాంత అనునాద చిత్రణం అనవచ్చు. వాడుకలో మాత్రం "ఎమ్మారై" అన్న పేరే స్థిరపడిపోయింది. మెదడు, వెన్నుపాము, కీళ్ళు, కండరాలు, కాలేయం, గర్భాశయం వంటి మెత్తని భాగాలలోని తేడాలను చూపడంలో ఈ పరీక్షకు సాటి వచ్చేవి తక్కువ. ఎక్స్‌రే, సి.టి. స్కాన్‌లలో వాడే అయనీకరణ వికిరణం ఇందులో లేదు. కనుక ఎమ్మారై తీయించుకుంటే ఒంట్లోకి రేడియేషన్ పోతుందన్న భయానికి ఆధారం లేదు. జాగ్రత్త పడవలసినది అయస్కాంతం విషయంలో. ఆ జాగ్రత్తలో పెద్ద భాగం రోగి గదిలో అడుగు పెట్టకముందు చెప్పే సమాధానాల మీద ఆధారపడి ఉంటుంది.

పేరు, చరిత్ర

పరమాణు కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందిస్తాయని 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా ప్రయోగపూర్వకంగా చూపారు. ఇందుకు వారికి 1952లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చాలాకాలం ఇది రసాయన శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకే పరిమితమైంది. కణితిలోని కణజాలం, మామూలు కణజాలం వేర్వేరుగా స్పందిస్తాయని 1971లో రేమండ్ డమాడియన్ ప్రకటించారు. 1973లో పాల్ లాటర్‌బర్ ఈ స్పందనల నుండి చిత్రాన్ని నిర్మించే పద్ధతిని చూపారు. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతం చేశారు. 1977లో డమాడియన్ బృందం మనిషి ఛాతీని మొదటిసారి చిత్రించినప్పుడు ఒక్క చిత్రానికి సుమారు ఐదు గంటలు పట్టింది. 2003లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు దక్కింది. తనను విస్మరించారని డమాడియన్ పత్రికలలో పెద్ద ప్రకటనలు ఇచ్చి నిరసన తెలపడం ఆ రోజుల్లో వివాదమైంది.

మొదట ఈ పద్ధతి పేరులో "న్యూక్లియర్" అన్న మాట కూడా ఉండేది. అక్కడ ఆ మాటకు అర్థం పరమాణువు నడుమ ఉండే కేంద్రకం అని మాత్రమే. అణుబాంబు, అణువిద్యుత్తు గుర్తుకు వచ్చి రోగులు బెదురుతున్నారని ఆసుపత్రులలో ఆ మాటను వదిలివేశారు.

పనిచేసే విధానం

పెద్దవారి శరీర బరువులో సగానికి పైగా నీరే. నీటిలోని ప్రతి అణువులోనూ రెండు ఉదజని (హైడ్రోజన్) పరమాణువులు ఉంటాయి. ఉదజని కేంద్రకం ఒక చిన్న అయస్కాంతపు సూదివలె ప్రవర్తిస్తుంది. మామూలుగా ఈ సూదులు తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలోకి వచ్చినప్పుడు వాటిలో స్వల్పమైన ఆధిక్యం ఒక దిశకు ఏర్పడుతుంది. తగిన పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే ఆ అమరిక చెదురుతుంది. తరంగాన్ని ఆపగానే కేంద్రకాలు మళ్ళీ సర్దుకుంటూ సన్నని సంకేతాలను వెలువరిస్తాయి. కొవ్వులో, నీటిలో, వాపు వచ్చిన చోట, కణితిలో ఈ సర్దుబాటుకు పట్టే సమయం వేర్వేరు. ఆ తేడాలనే కంప్యూటరు నలుపు తెలుపు చిత్రంగా మారుస్తుంది.

ఆసుపత్రులలో ఎక్కువగా కనిపించేవి 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు. టెస్లా అనేది అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్లు. ఈ యంత్రంలో వాడే రేడియో తరంగాల పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్‌జ్. మనం ఎఫ్.ఎం. రేడియో వినే 88 - 108 మెగాహెర్ట్‌జ్ తరంగాలకు ఇవి దగ్గరి చుట్టాలే.

అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది

రోగులకు, వెంట వచ్చినవారికి, కొన్ని సందర్భాలలో ఆసుపత్రి సిబ్బందికి కూడా సరిగా తెలియని విషయం ఇది. ఎక్స్‌రే యంత్రంలో మీట నొక్కినప్పుడే కిరణాలు వెలువడతాయి, తక్కిన సమయంలో అది ఉత్త ఇనుప పెట్టె. ఎం.ఆర్.ఐ. అలా కాదు. దానిలోని అతివాహక తీగచుట్టలను ద్రవ హీలియంతో సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరుస్తారు. ఆ చలిలో తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. కనుక ఒకసారి ప్రవహింపజేసిన విద్యుత్తు బయటి సరఫరా లేకుండానే తిరుగుతూ ఉంటుంది. పరీక్ష జరగనప్పుడు, రాత్రి గదికి తాళం వేసినప్పుడు, కరెంటు పోయినప్పుడు కూడా అయస్కాంతం పూర్తి బలంతో ఉంటుంది. శబ్దం రావడం లేదు కాబట్టి యంత్రం ఆగిపోయిందనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. స్థిర అయస్కాంతాలతో చేసిన తక్కువ బలం గల యంత్రాలకు సైతం ఇదే వర్తిస్తుంది.

ఈ క్షేత్రం ఇనుప వస్తువును నెమ్మదిగా లాగదు. గుమ్మం దగ్గర నిలబడినవారికి ఏమీ తెలియదు. సొరంగం మూతి దగ్గరకు వచ్చేసరికి రెండు మూడు అడుగుల దూరంలోనే లాగుడు ఒక్కసారిగా పెరిగి, చేతిలోని వస్తువు విసిరినట్లు ఎగిరిపోతుంది. కత్తెర, తాళంచెవులు, చక్రాల కుర్చీ, ఆక్సిజన్ సిలిండరు ఏదైనా కావచ్చు. పెద్ద వస్తువును మనుషులు పట్టి ఆపలేరు.

అత్యవసరంలో అయస్కాంతాన్ని నిర్వీర్యం చేయడానికి ఒక మీట ఉంటుంది. దానిని నొక్కితే ద్రవ హీలియం మరిగి వాయువుగా మారి గొట్టం గుండా బయటకు పోతుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 750 లీటర్ల వాయువు అవుతుంది. గొట్టం సరిగా లేకపోతే ఆ వాయువు గదిలో నిండి ఊపిరాడకుండా చేయగలదు. యంత్రాన్ని తిరిగి సిద్ధం చేయడానికి రోజులు పట్టవచ్చు, ఖర్చు కూడా లక్షలలో ఉంటుంది. (ఇటీవలి కొన్ని నమూనాలలో కొద్ది లీటర్ల హీలియాన్ని మాత్రమే మూసివేసిన పాత్రలో ఉంచుతున్నారు.) మనిషి చిక్కుకుపోయినప్పుడు తప్ప ఈ మీట జోలికి పోరు.

జరిగిన ప్రమాదాలు

లక్షల మందికి క్షేమంగా జరిగిపోయే పరీక్ష ఇది. అయినా జరిగిన కొద్ది మరణాలలో ఒకే పోలిక కనిపిస్తుంది. 2001లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పరీక్ష జరుగుతున్న ఆరేళ్ళ బాలుడికి ప్రాణవాయువు అవసరమైనప్పుడు గదిలోకి ఉక్కు సిలిండరు తెచ్చారు. అది ఎగిరివెళ్ళి తలకు తగలడంతో బాలుడు మరణించాడు. ఆ తరువాతనే ఆ దేశంలో ఎం.ఆర్.ఐ. గదుల భద్రతా నియమాలను సమగ్రంగా రాశారు.

2018 జనవరిలో ముంబయిలో ఒక మునిసిపల్ ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చిన 32 ఏళ్ళ బంధువు ఆక్సిజన్ సిలిండరు పట్టుకొని గదిలోకి వెళ్ళాడు. సిలిండరుతో పాటు అతనిని కూడా యంత్రం లాగివేసింది. సిలిండరు నుండి వెలువడిన ఆక్సిజన్ పీల్చి అతను చనిపోయాడు. యంత్రం ఆపివేసి ఉన్నదని సిబ్బందిలో ఒకరు చెప్పినందువల్లనే అతను లోపలికి వెళ్ళాడని కుటుంబ సభ్యులు తెలిపారు. 2025 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోనే లాంగ్ ఐలండ్‌లో, మోకాలి పరీక్ష ముగిసిన భార్యను లేపడానికి లోపలికి వెళ్ళిన 61 ఏళ్ళ వ్యక్తి మెడలో వ్యాయామానికి వాడే సుమారు 9 కిలోల ఇనుప గొలుసు ఉంది. అతను కూడా ప్రాణాలు కోల్పోయాడు.

ఈ మూడింటిలో రెండుచోట్ల చనిపోయినవారు రోగులు కారు, తోడు వచ్చినవారు. మన ఆసుపత్రులలో రోగి వెంట ఇద్దరు ముగ్గురు రావడం, స్ట్రెచరు తోయడానికి, సిలిండరు మోయడానికి వారే చేయి వేయడం మామూలు. కనుక రోగిని అడిగే ప్రశ్నలన్నీ గదిలోకి వెళ్ళే తోడు మనిషికి కూడా వర్తిస్తాయి. టెక్నీషియన్ రమ్మని పిలవనిదే, ఎంత తొందర ఉన్నా, గుమ్మం దాటకూడదు.

ముందుగా తప్పక చెప్పవలసినవి

పరీక్షకు ముందు ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి సంతకం చేయమంటారు. చాలామంది దానిని చదవకుండానే సంతకం పెడతారు, లేదా వెంట వచ్చిన అబ్బాయి అన్నింటికీ "లేదు" అని గీసి ఇస్తాడు. ఇరవై ఏళ్ళ క్రితం తండ్రికి జరిగిన ఆపరేషన్ సంగతి ఆ అబ్బాయికి తెలియకపోవచ్చు. ప్రశ్నలను రోగికి వినిపించి, అతని నోటి నుండే సమాధానం రాబట్టడం మంచిది.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది గుండెకు అమర్చిన పేస్‌మేకర్ గురించి. పాత పేస్‌మేకర్లు ఈ క్షేత్రంలో లయ తప్పవచ్చు, వాటి తీగలు వేడెక్కవచ్చు. ఎం.ఆర్.ఐ.కి తగినట్లు రూపొందించిన పేస్‌మేకర్‌కు అమెరికాలో 2011లో తొలిసారి అనుమతి లభించింది. అటువంటివి ఉన్నవారికి కూడా పరీక్షకు ముందు పరికరపు అమరికను మార్చి, పరీక్ష జరిగినంతసేపు గుండె లయను గమనించి, తరువాత తిరిగి సరిచేయాలి. అంటే ఆ రోజు గుండె వైద్యుని సహకారం కావాలి. చెప్పకుండా వెళితే ఇవేవీ జరగవు.

మెదడులో ఉబ్బిన రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉన్నవారి సంగతి కూడా ఇంతే తీవ్రమైనది. పాత క్లిప్పులలో కొన్ని అయస్కాంతానికి కదిలేవి. అలా కదిలి రక్తస్రావమై రోగి మరణించిన ఉదంతం వైద్య సాహిత్యంలో నమోదై ఉంది. నేటి టైటానియం క్లిప్పులకు ఆ ప్రమాదం లేదు, కానీ ఏ రకం వేశారన్నది కాగితం చూస్తేనే తెలుస్తుంది. చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటులోనే ఒక అయస్కాంతం ఉంటుంది కనుక దానికి ప్రత్యేకమైన ఏర్పాట్లు కావాలి. ఇన్సులిన్ పంపును, తీసివేయగల వినికిడి యంత్రాన్ని బయటనే వదలాలి.

కంటిలో ఇనుప రజను పడిన చరిత్రను రోగులే మరచిపోతుంటారు. వెల్డింగు, లేత్ పని, గ్రైండింగు చేసేవారికి ఎప్పుడో పడిన సన్నని ముక్క నొప్పి లేకుండా లోపలే ఉండిపోవచ్చు. అయస్కాంత క్షేత్రంలో అది కదిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇటువంటి అనుమానం చెబితే ముందుగా కంటికి ఎక్స్‌రే తీసి నిర్ధారించుకుంటారు. ఒంట్లో తుపాకీ గుండు, పెల్లెట్లు ఉన్నవారు కూడా చెప్పాలి.

వీటికి భిన్నంగా, అనవసరంగా భయపడేవి కొన్ని ఉన్నాయి. విరిగిన ఎముకకు వేసిన రాడ్డు, ప్లేటు, స్క్రూలు, మార్చిన మోకాలి చిప్ప, తుంటి కీలు ఉన్నంత మాత్రాన ఎం.ఆర్.ఐ. పనికిరాదనుకోవడం సరికాదు. ఇప్పటివి చాలావరకు టైటానియం లేదా అయస్కాంతానికి అంటని మిశ్రమ లోహాలు. వాటి చుట్టూ చిత్రం చెదిరి కనిపించడమే సాధారణంగా ఎదురయ్యే ఇబ్బంది. గుండెకు వేసిన స్టెంట్లు, పంటికి పెట్టిన సిమెంటు, తొడుగులు, కాపర్-టి ఉన్నవారికి కూడా సాధారణంగా పరీక్ష చేయవచ్చు. అయినా చెప్పడం మాత్రం మానకూడదు.

పరికరాలను భద్రతను బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు: సురక్షితం, షరతులతో సురక్షితం, నిషిద్ధం. ఎక్కువ పరికరాలు నడిమి తరగతికి చెందుతాయి. షరతు అంటే ఉదాహరణకు 1.5 టెస్లా యంత్రంలో చేయవచ్చు, 3 టెస్లాలో చేయరాదు అని ఉండవచ్చు. ఒక కేంద్రంలో ఇంతకుముందు క్షేమంగా జరిగిందని ఇంకొక కేంద్రంలో అలాగే జరుగుతుందని అనుకోకూడదు. ఆపరేషన్ చేసినచోట ఇచ్చిన డిశ్చార్జి కాగితం, పరికరం పేరు, నమూనా సంఖ్య ఉన్న చిన్న కార్డు ఇందుకే భద్రపరచాలి. అవి పోతే ఆ ఆసుపత్రి నుండి వివరం తెప్పించుకోవడం తప్ప మార్గం లేదు.

నగలు, దుస్తులు

బంగారం, వెండి అయస్కాంతానికి అంటుకోవు. అయినా తీసివేయమంటారు. రేడియో తరంగాలకు లోహపు వలయాలలో విద్యుత్తు పుట్టి వేడెక్కవచ్చు, చిత్రమూ చెదురుతుంది. మంగళసూత్రం తీయడానికి పెద్దవారు వెనుకాడడం సహజమే. ఇక్కడ గమనించవలసినది సూత్రాల కంటే వాటికి తగిలించి ఉంచే పిన్నీసులు. అవి ఉక్కువి. పసుపుతాడు ఉంచుకోదలచినవారు, పరీక్ష సేపు తాళిబొట్టు, పిన్నీసులు తీసి ఇంటివారి చేతికి ఇచ్చి పసుపు కొమ్ము కట్టిన ఉత్త తాడు ధరించవచ్చు. ముక్కుపుడక, మెట్టెలు, గాజులు, జడపిన్నులు, మొలతాడు, తాయెత్తు వీటన్నిటికీ ఇదే నియమం. శనిదోష నివారణకని కొందరు పెట్టుకునే గుర్రపునాడా ఉంగరం నికరమైన ఇనుము. దానిని మరచిపోవడం బంగారు ఉంగరాన్ని మరచిపోవడం కంటే ప్రమాదం. వేలు వాచి ఏ విధంగానూ రాని ఉంగరం ఉంటే టెక్నీషియన్‌కు చూపాలి, ఆయన తగిన ఏర్పాటు చేస్తారు.

ఆసుపత్రి ఇచ్చే నూలు గౌను వేసుకోవడం ఉత్తమం. చెమట వాసన రాకుండా వెండి కణాలు కలిపి నేసిన వ్యాయామ దుస్తుల వల్ల చర్మం కాలిన సందర్భాలు ఉన్నాయి. జరీ కూడా లోహమే. మందు పూసి ఒంటికి అంటించే పట్టీలలో కొన్నింటికి వెనుక అల్యూమినియం పొర ఉంటుంది కనుక వైద్యుని అడిగి ముందుగా తీసివేయాలి. పచ్చబొట్టు రంగులలో ఇనుము ఉన్నచోట వెచ్చగా అనిపించవచ్చు. మంట పుడితే వెంటనే చెప్పాలి. సెల్‌ఫోను, గడియారం, ఎ.టి.ఎం. కార్డు, తాళాలు బయటనే ఉంచాలి. కార్డు మీది అయస్కాంత పట్టీ చెడిపోతుంది.

యంత్రంలో ఉన్నంతసేపు

పరీక్షకు సాధారణంగా 20 నుండి 45 నిమిషాలు పడుతుంది. రోగి పడుకునే సొరంగం వ్యాసం 60 లేదా 70 సెంటీమీటర్లు. రెండు వైపులా తెరిచి ఉంటుంది, లోపల దీపం, గాలి ఉంటాయి. అయినా ఇరుకు చోటంటే భయపడేవారికి ఇది కష్టమే. అటువంటివారు ముందుగానే చెప్పాలి. లోపలికి వెళ్ళిన తరువాత కళ్ళు మూసుకోవడం కంటే, బయట ఉన్నప్పుడే మూసుకొని లోపలికి వెళ్ళడం కొందరికి తేలిక. చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తారు, అది నొక్కితే పరీక్ష ఆపుతారు. పాదాలు ముందుగా లోపలికి పోయే మోకాలి పరీక్షలో తల చాలావరకు బయటనే ఉంటుంది. మరీ భయపడేవారికి మత్తుమందు ఇచ్చి చేస్తారు. అప్పుడు ఖాళీ కడుపుతో రావాలి, తిరుగు ప్రయాణానికి తోడు ఉండాలి.

సుత్తితో కొట్టినట్లు వచ్చే శబ్దానికి కారణం యంత్రంలోని మరికొన్ని తీగచుట్టలు. వాటిలో విద్యుత్తును క్షణక్షణం మారుస్తూ ఉంటే అవి అదురుతాయి. ఈ మోత 100 డెసిబెల్స్ దాటవచ్చు. చెవులలో పెట్టుకోవడానికి బిరడాలు గాని, హెడ్‌ఫోను గాని తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగడం రోగి హక్కు.

చేతులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం, కాళ్ళు ఒకదానిపై ఒకటి వేసుకోవడం చేయకూడదు. చర్మానికి చర్మం తగిలి వలయం ఏర్పడితే ఆ చోట కాలే అవకాశం ఉంది. కదిలితే చిత్రం మసకబారి మళ్ళీ తీయవలసి వస్తుంది. మెదడు, వెన్ను, కీళ్ళ పరీక్షలకు ఉపవాసం సాధారణంగా అక్కరలేదు. పొట్ట పరీక్షకు కొన్ని గంటలు ఏమీ తినవద్దంటారు.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్

కొన్ని పరీక్షలలో గడోలినియం అనే లోహం ఉన్న మందును నరానికి ఎక్కిస్తారు. కణితులు, చీముగడ్డలు, రక్తనాళాలు దీనివల్ల స్పష్టంగా కనిపిస్తాయి. ఇది సి.టి. స్కాన్‌లో వాడే అయోడిన్ మందు కాదు. అలర్జీ అరుదు, అయినా పూర్వం ఏ మందుకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి. మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే ఒక జబ్బుకు ఈ మందుతో సంబంధం ఉన్నదని 2006లో బయటపడింది. డయాలిసిస్ రోగులు, షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఆ సంగతి చెప్పడం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం అందుకే. గడోలినియం స్వల్పంగా శరీరంలో మిగిలిపోతుందని తేలిన తరువాత 2017లో ఐరోపా సమాఖ్య పాత రకాలలో కొన్నింటి వాడకాన్ని నిలిపివేసింది. నేడు ఎక్కువగా వాడే రకాలలో ఈ ప్రమాదాలు చాలా తక్కువ.

గర్భిణులకు ఎం.ఆర్.ఐ. అవసరమైతే చేయవచ్చు. శిశువుకు హాని జరుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. గడోలినియం మాత్రం తప్పనిసరి అయితే తప్ప ఇవ్వరు. పాలిచ్చే తల్లులు ఇంజెక్షన్ తరువాత పాలు ఆపనవసరం లేదు, పాలలోకి చేరేది అత్యల్పం.

నివేదిక

చిత్రాలను రేడియాలజిస్టు చదివి నివేదిక రాస్తారు. అందులోని మాటలను చూసి రోగులు కంగారు పడడం, ముఖ్యంగా నడుము పరీక్షల విషయంలో, చాలా ఎక్కువ. 1994లో అమెరికాలో నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూడగా 52 శాతం మందిలో ఏదో ఒకచోట డిస్కు ఉబ్బు కనిపించింది. 27 శాతం మందిలో డిస్కు ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు మూడో వంతు మాత్రమే. వయసుతో తల నెరిసినట్లే డిస్కులలోనూ మార్పులు వస్తాయి. "డిస్కు బల్జ్" అని రాసినంత మాత్రాన నొప్పికి అదే కారణమని గాని, ఆపరేషన్ కావాలని గాని అర్థం కాదు. కాలు మొద్దుబారడం, పాదంలో బలం తగ్గడం, మలమూత్రాలపై పట్టు తప్పడం వంటి లక్షణాలతో కలిపి చూసినప్పుడే ఆ మాటకు విలువ. ఆ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

నివేదిక కాగితంతో పాటు ఫిల్ములను, సి.డి.ని కూడా అడిగి తీసుకోవాలి. రెండవ వైద్యుడు కాగితం కంటే చిత్రాలనే చూడగోరుతాడు. కణితి పెరిగిందా, తగ్గిందా అన్నది పాత చిత్రాలతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఫిల్ములను ఎండ తగలకుండా, మడత పడకుండా ఉంచాలి.